రాణిగారి వాడుక భాష

జనవరి 12

చిరంజీవి పిచ్చుకకు నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

ఇచట మీ అత్తయు నేనును కుశలము. ఈ జాబు వెంట నొక పెద్ద కట్ట వచ్చును. చూచి బెదరకుము. అది నా నవల. పేరు ‘రాజ్ఞీప్రస్థానము’.

ఇన్నేండ్లును రిజిస్ట్రారు కచేరీ అరుగుపై కూర్చుండి పరుల ఇండ్లకును దొడ్లకును దస్తావేజులు వ్రాసితిని. సాయంకాలములు మాత్రము నావి. ఆ సాయంకాలములలో వ్రాసినది యిది. కచేరీలో నన్ను ‘గ్రాంథికంగారు’ అని పిలుచుట నీ వెఱిగినదే. మొన్న నొక పెద్దమనిషి ఇంటి అమ్మకపు కాగితములో ‘తూర్పున పరిమళభరితమగు పూలతీగల సందు’ అని వ్రాయగా, ఆయన చదువుకొని, “అయ్యా, అది మురిక్కాలవ సందండీ. అలాగే రాయండి. రేపు కోర్టులో ఆ పరిమళం రుజువు చెయ్యమంటే నేనెక్కడ చచ్చేది?” అనెను. దిద్ది యిచ్చితిని. నవలలో నట్లు దిద్దుమను వారెవరును లేరు. అందువలననే కాబోలు నింత పెరిగినది.

నీవు చిన్ననాడే మా యింటికి వచ్చి, నా యొద్ద అక్షరములు దిద్ది, నేడు పుస్తకములు ప్రచురించు చోట ఉద్యోగము చేయుచున్నావు. నీవు గాక దీనిని మొదట చదువవలసిన వారెవరు? బాగుండనిచో నిర్మొగమాటముగా తెలుపుము. బాగుండినచో మీ యజమానికి చూపుము.

మీ అత్త నేను వ్రాయుచుండగా, “ఎవరికి అర్థమవుతుందని రాస్తారండీ అదంతా?” అని అడుగుచుండును. నవ్వి యూరకుందును.

ఇట్లు,
నీ మామయ్య

ఫిబ్రవరి 2

మామయ్యకు,

పిచ్చుక నమస్కారాలు. నవల మొత్తం చదివాను. ముందు మంచి కబురు చెబుతాను. రెండు రోజులు ఆఫీసుకి ఎర్రకళ్ళతో వెళ్ళాను.

ఇంతకీ ఇందులో పెద్దగా ఏమీ జరగదు. యుద్ధాల్లేవు, కుట్రల్లేవు. ఏ లోటూ లేని ఓ రాణి, ఒకనాటి మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా కోట దాటి, పడవెక్కి ఎటైనా వెళ్ళిపోదామని నది రేవు దాకా వెళ్తుంది. రేవులో చాలాసేపు కూర్చుంటుంది. పడవ వస్తుంది, ఎక్కదు. తిరిగి ఇంటికొస్తుంది. నిద్రపోతున్నాడనుకున్న రాజు మేడమీంచి అంతా చూశాడు. ఒక్క ముక్క అడగడు. ఆవిడ చెప్పదు. ఇద్దరూ అలాగే ముసలివాళ్ళవుతారు. అంతే కథ. ఇంత చిన్న కథకి నేనెందుకు అంత ఏడ్చానో నాకే తెలీదు.

ఇక రెండో కబురు. మా ఓనరుగారు నాలుగు పేజీలు చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, “అమ్మాయ్, మీ మామయ్యగారు బతికే ఉన్నారా?” అని అడిగారు. “ఉన్నారండీ, పొద్దున్నే నడకకి కూడా వెళ్తారు” అన్నాను. “మరి ఈ భాషేంటమ్మా, తాతల నాటి పెట్టెలో దొరికినట్టుంది?” అన్నారు. కానీ కథ చెబితే మాత్రం చేతిలో టీ చల్లారిపోయేదాకా విన్నారు. వాడుక భాషలోకి మారిస్తే వేస్తామన్నారు. మార్చే పని నేనే చేస్తానని మాటిచ్చేశాను. మీ అక్షరం నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?

ఊఁ అనండి మామయ్యా.

మీ
పిచ్చుక

ఫిబ్రవరి 10

చిరంజీవి పిచ్చుకకు,

నీ జాబు చేరినది. ఊఁ అనజాలను.

నీ యజమాని నా భాషను వస్త్రమనుకొనుచున్నాడు, విప్పి వేఱొకటి తొడిగిన సరిపోవుననుకొనుచున్నాడు. అది చర్మము. రాజును రాణియు మనవలె మాటలాడిన యెడల వారు రాజెట్లగును, రాణి యెట్లగును?

పాత పద్ధతి పటములను చూచితివి గదా. ముఖము పక్కకు తిరిగియుండును, కన్ను మాత్రము నిండుగా మనవైపు వ్రాయబడి యుండును. లోకములో నెవ్వరికిని అట్టి ముఖముండదు. ఉండదు గనుకనే దానిని చూచినపుడు పొరుగింటివాడు గుర్తునకు రాడు. నేటికిని కొందఱు చిత్రకారులు కోరి యట్లే వ్రాయుదురు. చేతగాక కాదు. ఎవరును గుర్తునకు రాకుండుటకు. నా భాషయు నంతియే.

కట్టను తిరిగి పంపివేయుము. నాకు కోపము లేదు.

మామయ్య

ఫిబ్రవరి 24

మామయ్యకు,

కోపం లేదని రాశారు కాబట్టి కోపమొచ్చిందని అర్థమైంది. కట్ట పంపను. మీకిష్టం లేకపోతే వచ్చి తీసుకెళ్ళండి.

ఒక మాట చెబుతాను, బాధపడకండి. కిందటి సెలవులకి వచ్చినప్పుడు వంటింట్లో అత్తయ్య నాతో ఏమందో తెలుసా? “వారపత్రికల్లో ఎవరెవరి కథలో చదువుతానే. ఇంట్లో మనిషి రాసింది మాత్రం ఒక్క పేజీ దాటలేకపోయా. నాకర్థమయ్యేలా ఉంటే ఒక్కసారైనా చదివేదాన్ని కదా” అంది. అంటూ గిన్నెలు తుడుస్తూనే ఉంది, నా వైపు చూడకుండా.

మీ నవల వాడుక భాషలోకి వస్తే మొట్టమొదట చదివేది అత్తయ్యే. మీకది సంతోషం కాదా? అత్తయ్య చదివితే మీ రాణికి మైల పడుతుందా? పెద్ద పెద్ద పండితులు మెచ్చుకోవాలని ఇన్నేళ్ళు ఎదురుచూశారు. వాళ్ళెవరూ రాలేదు. పక్కగదిలో మనిషి మాత్రం తలుపవతల నిలబడే ఉంది.

పెద్దమాటలు అన్నానేమో. మీ దగ్గర నేర్చుకున్న నోరే ఇది.

పిచ్చుక

మార్చి 9

చిరంజీవి పిచ్చుకకు,

నీ జాబును పలుమారులు చదివితిని. మీ అత్తను నేను తక్కువగా చూచుచున్నానని నీవు తలంచుట నాకు మిక్కిలి కష్టము కలిగించినది. అది కారణము కాదు. కారణము వ్రాయుటకు చేయి రాదు.

అయినను ఒక్క మాట ఒప్పుకొందును. అచ్చులో నా పుస్తకము చూచుకొనవలెనని నాకును కలదు. ఈ వయస్సున ఆ యాస పోవుననుకొంటిని. పోలేదు.

నీ యిష్టము వచ్చినట్లు చేయుము. తొమ్మిదవ ప్రకరణమును మాత్రము ముట్టకుము. రాణి రేవునకు పోయి వచ్చు ఘట్టము. దానిని ఉన్నదున్నట్లు నా భాషలోనే యుంచుము. ఇది నా కోరిక.

మామయ్య

జూన్ 15

మామయ్యకు,

అయిపోయింది! పుస్తకం ప్రెస్సుకి వెళ్ళింది. పేరు కూడా మార్చాం, ‘రేవు దాకా’ అని. బాగుంది కదూ?

ఒక్క విషయంలో మీరు తిట్టినా పడతాను. తొమ్మిదో ప్రకరణం ముట్టుకోక తప్పలేదు. పుస్తకమంతా ఒక భాషలో ఉండి అదొక్కటీ ఇంకో భాషలో ఉంటే, కొత్త గోడకి పాత తలుపు పెట్టినట్టుందన్నారు ఓనరుగారు. నిజమే మామయ్యా, నేను కూడా ప్రయత్నించి చూశాను, అతకలేదు.

మొదట్లో రాణి చేత మాట్లాడించడం నా వల్ల కాలేదు. మీ రాణి “ఈ సౌధమున నాకు లోపమేమియు లేదు, ఆ లేకుండుటయే నన్ను వేధించుచున్నది” అంటుంది. దాన్ని ఎన్ని రకాలుగా రాసినా రేడియో నాటకంలాగే వచ్చింది. అప్పుడు కళ్ళు మూసుకుని, ఇదే మాట అత్తయ్య అయితే ఎలా అంటుంది అనుకున్నాను. “నాకిక్కడ తక్కువేమైందని? ఏమీ తక్కువ కాలేదు. అదే నన్ను తినేస్తోంది” అని గొంతుతో సహా వినపడింది. ఇక ఆగలేదు. రేవు దగ్గర రాణి “కాళ్ళు ఎంతదూరం తీసుకెళ్తే అంతదూరం వెళ్దామనుకున్నా, కాళ్ళు ఇంతవరకే తెచ్చాయి” అంటుంది చూడండి, అది అచ్చంగా అత్తయ్యే. మీ రాణి అలా మాట్లాడటానికే పుట్టినట్టుంది.

వర్ణనలు కొంచెం తగ్గించాం. ప్రతి ప్రకరణం చివరా మీరు ఎండనీ, నదినీ, గాలినీ పట్టుకుని వదలరు కదా. ఒక్కో వాక్యం అరపేజీ. కథకి అడ్డంలేనివి ఉంచి, మిగతావి తీసేశాను.

మీకొక ప్రతి, అత్తయ్యకి విడిగా ఒక ప్రతి ఆవిడ పేరుమీదే పంపిస్తాను. అత్తయ్య పేరుతో పోస్టులో ఏదైనా వచ్చి ఎన్నాళ్ళయిందో!

మీ
పిచ్చుక

జూలై 20

చిరంజీవి పిచ్చుకకు,

పుస్తకములు చేరినవి. అట్ట చక్కగా నున్నది. నా ప్రతిని నేనింకను చదువలేదు. నాది కాని మాటలలో నా పుస్తకమును చదువుటకు మనసొప్పలేదు. బీరువాలో పెట్టితిని.

మీ అత్త చదువుచున్నది. మొదటి దినములలో వంటింటి గట్టుపై పెట్టుకొని, కూర కలియబెట్టుచు చదివినది. “మీ రాజుగారు బలే మనిషండీ, నోట్లో నాలుక లేదు” అని నవ్వినది కూడ. తరువాత ముందుగదిలో కూర్చుండి చదివినది. ఇపుడు చదువుట ముగిసినట్లున్నది. ఏమియు చెప్పలేదు. నేనును అడుగలేదు.

ఆమె చెల్లెలి కుట్టుదుకాణమున పని హెచ్చుగా నున్నదట. సాయముగా నుండుటకు కొన్ని దినములు పోయి వచ్చునట. నిన్న పోయినది.

మామయ్య

ఆగస్టు 4

మామయ్యకు,

మీ ఉత్తరం చూస్తే కచేరీ నోటీసు చదివినట్టుంది! పుస్తకం వచ్చిన సంబరం ఒక్క లైనులోనైనా కనపడాలి కదా. సరే, మీ తరఫున నేనే సంబరపడుతున్నాను. పత్రికలో సమీక్ష వచ్చింది, కత్తిరించి పంపుతున్నాను. “రాణి మన ఇంట్లో మనిషిలా మాట్లాడుతుంది” అని రాశారు. ఓనరుగారు అప్పుడే రెండో ముద్రణ గురించి మాట్లాడుతున్నారు. ఇప్పుడు మీరు బతికే ఉన్నారని తెలిసి ఆయనకి పట్టరాని ఆనందం.

అత్తయ్య చిన్నత్త దగ్గరికి వెళ్ళడం మంచిదే, ఎప్పుడూ ఎక్కడికీ కదలదు కదా. అక్కడ అందరికీ పుస్తకం చూపించి గొప్పలు పోతుంటుంది. తిరిగొచ్చాక ఎలా ఉందందో తప్పకుండా రాయండి. ఆవిడ మెప్పు వస్తేగానీ నాకు నిద్ర పట్టదు.

పిచ్చుక

సెప్టెంబరు 11

చిరంజీవి పిచ్చుకకు,

మీ అత్త రాలేదు. వచ్చునట్లును లేదు. నీకు చెప్పక తప్పదు.

నీవు మా యింటికి రాక పూర్వము, మా పెండ్లియైన కొన్ని యేండ్లకు, ఒకనాటి మధ్యాహ్నము నేను భోజనము చేసి పడుకొంటిని. నిద్ర పట్టలేదు. కన్నులు మూసికొనియుంటిని. మీ అత్త చిన్న సంచితో వీధి తలుపు తీసికొని పోయినది. బస్సుల స్టాండు వఱకు పోయి, బెంచీపై కూర్చుండి, వచ్చిన బస్సు నెక్కక, తిరిగి యింటికి వచ్చినది. నేను మరల కన్నులు మూసికొంటిని. ఆమె టీ కాచి నన్ను లేపినది. లేచితిని. నాటినుండి నేటివఱకు ఆ మాట మా యిద్దఱి నడుమ రాలేదు. నాకు తెలియదని ఆమె యనుకొన్నది. తెలియనట్లే నేనుంటిని.

ఎవరితోను చెప్పలేక, రాజని రాణియని పేరు పెట్టి వ్రాసితిని. ఆ భాషలో వ్రాసినంతకాలము అది మా యింటి కథ వలె నాకే కనబడలేదు. మీ అత్త చదువదని ధైర్యము. నీవేమో ఆ రాణికి మీ అత్త గొంతు నిచ్చితివి. నీ తప్పు కాదమ్మా. నేను చెప్పి ఏడిస్తే గదా నీకు తెలిసేది.

చెల్లెలి దగ్గరికి వెళ్ళేముందు ఆవిడ బట్టలు సర్దుకుంటూ అడిగింది, “ఆ రోజు మీరు నిద్రపోలేదా?” అని.

“ఏ రోజు?” అన్నాను.

“ఏ రోజని అడక్కండి.”

“లేదు, పోలేదు.”

“అంతా చూశారా?”

“చూశాను.”

“చూసి ఊరుకున్నారా?”

“ఆఁ” అన్నాను. ఇంకేమనను? పిలవకుండా ఊరుకున్నమాట నిజమే గదా. సంచీ జిప్పు వేసుకుని వెళ్ళిపోయింది. ఈసారి కూడా ఏమీ అనలేకపోయాను.

ఒక్కటి మాత్రము నాకు బోధపడకున్నది. రాజు వెనుకనే రేవు దాక పోయిన సంగతి కూడ అందులో వ్రాసితినే. అదియు చదివి, ఇంత కఠినముగా నెట్లు పోగలిగినది?

మామయ్య

సెప్టెంబరు 29

మామయ్యకు,

మీ ఉత్తరం చదివాను. అత్తయ్య కఠినం కాదు మామయ్యా. ఆవిడ ఆ సంగతి చదవనే లేదు. అది పుస్తకంలో లేదు. నేనే తీసేశాను.

తొమ్మిదో ప్రకరణం చివర ఎండా, ఇసకా, నీళ్ళమీద మెరుపూ అంటూ పేజీన్నర ఉంది. మొదటిసారి చదివినప్పుడూ వర్ణనలు దాటేశాను. ఇదీ వర్ణనే అనుకుని, పైపైన చూసి, అడ్డంగా గీత కొట్టాను. ఆ ఇసక మధ్యలో రాజు నడుస్తున్నాడని చూసుకోలేదు. అచ్చయిన పుస్తకంలో రాజు మేడమీంచి చూసి, వెళ్ళి పడుకుంటాడు. అత్తయ్య చదివింది అదీ.

మీ చేతిరాత కట్ట తీసుకుని ఆ శనివారమే చిన్నత్త ఊరు వెళ్ళాను. దుకాణం వెనకగదిలో అత్తయ్య మిషను దగ్గర ఉంది. చుట్టూ కత్తిరించిన గుడ్డముక్కలు. నన్ను చూసి, “చిక్కిపోయావేంటే?” అంది. అంతే, నేను ఏడవడం మొదలుపెట్టాను. ఏడుస్తూనే జరిగింది చెప్పాను.

“ఏదీ, చదువు” అంది.

చదివాను. “అంతట రాజు పాదరక్షలు మఱచి, ఎండకు కాలిన యిసుకపై రాణి యడుగుజాడలనే చూచుచు రేవు వఱకు నేగెను. పడవవాని గుడిసె చాటున నిలిచెను. పిలువ నెంచెను. ఏమని పిలువవలయునో తోచదాయెను. రాణీ యనిన ఆజ్ఞ యగును. ప్రేయసీ యనిన నాటకమగును. పేరుపెట్టి పిలిచి యెంతకాలమైనదో గుర్తునకు రాదాయెను.”

“ఏగెను అంటే వెళ్ళాడనేగా?” అంది.

“అవునత్తయ్యా.”

“అక్కడిదాకా?”

“ఆఁ. మామయ్య నిజంగానే నీ వెనకాలే వచ్చారు.”

ఇంకోసారి చదవమంది. చదివాను. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా అలాగే ఉండిపోయింది. నేననుకున్నాను, ఇప్పుడు లేస్తుంది, సంచీ సర్దుకుంటుంది, ఇద్దరం కలిసి ఇంటికొచ్చేస్తామని. పిచ్చిదాన్ని కదా.

“అక్కడిదాకా వచ్చి కూడా పిలవలేదా?” అంది. “రాణీ, ప్రేయసీ... అవన్నీ ఎందుకే? రోజూ ఇంట్లో ‘ఏమోయ్’ అని పిలుస్తారుగా. ఏమోయ్ అన్నా ఆగేదాన్నే.”

తర్వాత నాకు అన్నం పెట్టింది. మీకు రాత్రిపూట మాత్రలు గుర్తుచెయ్యమంది. రానంది.

మీ రాణిని నేను మాట్లాడించాను, మీ రాజు నోరు నేనే నొక్కేశాను. ఏం చెయ్యాలో చెప్పండి. రెండో ముద్రణలో ఆ పేజీన్నర తిరిగి పెట్టిస్తాను, మీరు ఊఁ అంటే చాలు.

పిచ్చుక

అక్టోబరు 18

పిచ్చుకా,

మొన్న మీ అత్త దగ్గరికి వెళ్ళొచ్చాను. ఏం మాట్లాడాలో బస్సులో అంతా కూడబలుక్కుంటూనే ఉన్నాను. కచేరీ మాటలే తప్ప నోటికి ఇంకేం రావడం లేదు.

దుకాణం ముందు కాసేపు నిలబడ్డాను. మీ చిన్నత్త చూసి, “బావగారూ, లోపలికి రండి, బేరాలకొచ్చినవాళ్ళు మిమ్మల్ని దర్జీ అనుకుంటున్నారు” అంది. వెనకగదిలోకి వెళ్ళాను. మీ అత్త ఒక చిన్నపిల్ల గౌనుకి అంచు కుడుతోంది. స్టూలు చూపించింది. కూర్చున్నాను. కుట్టు ఒక వరస అయ్యేదాకా ఆగాను.

“ఆ రోజు బస్టాండులో సోడాబండి వెనకాల నిలబడ్డాను. సోడా వాడు ఏం కావాలండీ అని అడిగితే, నీకు వినపడుతుందని ఏమీ వద్దన్న మాట కూడా పైకి అనలేదు. నువ్వు లేచి ఇంటివైపు తిరగ్గానే సందులోంచి పరిగెత్తుకుంటూ వచ్చి పడుకున్నాను” అని చెప్పాను.

“రొప్పుతున్నారు. గుర్తుంది” అంది. “పీడకల వచ్చిందేమో అనుకున్నా.”

“ఇంటికొస్తావా?” అని అడిగాను.

దారం తెంపింది. నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. అది ఉన్నా బాగుండేది.

“ఆ రోజు ఈ ఒక్క మాట అనుంటే, మీరు పిలిస్తే వచ్చినదాన్లా బతికేదాన్ని. పోవడానికి చోటులేక తిరిగొచ్చినదాన్లా బతికాను ఇన్నాళ్ళూ. పిచ్చుక వచ్చాక కొంచెం మర్చిపోయా. అంతే” అంది.

ఆవిడ మళ్ళీ మిషను తిప్పింది. గౌను అయిపోయాక మడతపెట్టి, “చీకటి పడితే మీకు మెట్లు సరిగా కనపడవు, బయల్దేరండి” అని బస్సు దాకా వచ్చింది. నేనెక్కాను. కిటికీలోంచి చూస్తే ఇంకా నిలబడే ఉంది. ఏదో అన్నాను. బస్సు చప్పుడులో వినపడి ఉండదు.

వారం వారం వెళ్దామనుకుంటున్నాను. వద్దని ఆవిడ అనలేదు. నా ప్రతి బీరువాలోంచి తీసి ఇప్పుడు చదువుతున్నాను. బాగా రాశావమ్మా. అచ్చం మీ అత్తే. ఇన్నేళ్ళు పక్కనే ఉన్న గొంతు, నీ రాతలో వింటున్నాను. దానికి నిన్నేమనుకోవడానికీ లేదు, నువ్వు ఏడవకు.

రెండో ముద్రణలో ఆ పేజీన్నర పెట్టనా అని అడిగావు. వద్దు. అది ఉంటే చదివేవాళ్ళు రాజుని క్షమించేస్తారు.

మామయ్య